డెబ్బై మూడో కేసెట్

"అంటే మా ఆస్తి ఇరవై రెండేళ్ళుగా మీ ఇంట్లో ఉందన్నమాట" అన్నాడు ఆ పెద్దమనిషి, మా పెద్దమ్మ ముఖం మీదే, నవ్వుతూ. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి, రోగుల జేబుల్లో దొరికిన గుండుసూదిని కూడా చీటీ కట్టి తిరిగిచ్చిన మనిషిని పట్టుకుని అన్న మాట అది. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఆ పూట నోరు మూసుకుని కూర్చున్నాను. ఇక మూసుకోదలుచుకోలేదు.

నేను మున్సిపల్ ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో అర్జీలు టైపు చేసి బతుకుతున్నాను. ఆ చుట్టుపక్కల అందరికీ నేను అర్జీలమ్మను. నీళ్ళ కనెక్షను, పుట్టిన తేదీలో తప్పు, పక్కింటివాళ్ళతో గోడ తగాదా, ఏదైనా సరే, మనిషి ఏడుస్తూ చెప్పినదాన్ని ఆఫీసు భాషలోకి దించి రెండు పేజీల్లో సర్దుతాను. నేను టైపు చేసిన అర్జీ తిరిగొచ్చిందన్న మాట లేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఎక్కడ దిగిందో కూడా ఇందులోనే చెబుతాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆవిడ లాండ్రీ ఆసుపత్రి వెనకవైపు ఉండేది. పొద్దున పదకొండుకు ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగే డ్యూటీ. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, రోగుల బట్టలు మూటలు మూటలుగా వచ్చి పడేవి. డ్రమ్ములో వేసేముందు ప్రతి జేబూ తిరగేసి చూడాలి, లేకపోతే ఒక్క పెన్ను వంద దుప్పట్లకు సిరా పూస్తుంది. ఆ జేబుల పని పెద్దమ్మది. ఉంగరం, థర్మామీటరు, ఎవరో ఎవరికో రాసి ఇవ్వకుండా దాచుకున్న ఉత్తరం, ఏది దొరికినా బిస్కెట్ల డబ్బాలో వేసి, వార్డు నంబరు రాసిన చీటీ కట్టి, మర్నాడు తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది. తోటివాళ్ళు నీకెందుకే ఈ తద్దినం అని ఎగతాళి చేసేవారు. గుండీ అయినా సరే వాళ్ళది వాళ్ళదే అనేది పెద్దమ్మ. అంతకు మించి ఉపన్యాసాలిచ్చే అలవాటు ఆవిడకు లేదు.

పెదనాన్న బస్టాండులో అనౌన్సరు. ఆసుపత్రికీ బస్టాండుకూ మధ్య ఒక్క రోడ్డే అడ్డం. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వచ్చిందో, ఏది ఎంత ఆలస్యమో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో ఆ గొంతు తెలియని మనిషి లేడు, ఆ ముఖం తెలిసిన మనిషీ లేడు. ఇంటికొస్తే మాత్రం నోట్లోంచి ముత్యం రాలేది కాదు. ఊరందరితో మాట్లాడి వస్తారు, నాకు మాత్రం నాలుగు మాటలు మిగల్చరు అని పెద్దమ్మ దెప్పేది. ఆయన అన్నం కలుపుకుంటూ ఊఁ అనేవాడు. ఆ ఊఁ కూడా గంభీరంగానే ఉండేది, ప్లాట్‌ఫాం నంబరు చెప్పినట్టు.

ఆ రోజుల్లో మంచి సీరియళ్ళన్నీ సాయంత్రం ఆరింటికే వచ్చేవి. ఆరింటికి పెద్దమ్మ ఆవిరి డ్రమ్ముల దగ్గర ఉండేది. కథ ఏమైందని పక్కింటావిడను అడిగితే ఆవిడ సగం చెప్పి సగం మింగేది. విసిగిపోయి, రెండేళ్ళు ఓవర్‌టైం చేసి వీసీఆర్ కొనుక్కుంది. టైం పెట్టి వెళితే అదే రికార్డు చేసి పెట్టేది. సెలవురోజు కూర్చుని చూసేది, చూశాక అదే కేసెట్ మీద వచ్చే వారానివి రికార్డు చేసేది. ప్రతిసారీ పాత చీటీ పీకి కొత్త చీటీ అంటించి, లాండ్రీలో దుప్పట్ల మీద గుర్తు వేసే చెరగని సిరాతో నంబరు వేసేది. ఇంట్లో ఉన్నరోజు రికార్డు చేస్తే టీవీ ముందు పీట వేసుకుని బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునేది. ప్రకటన రాగానే ఆపడం, అయిపోగానే వదలడం. ఆవిడ కేసెట్లలో సబ్బుల గోల, పళ్ళపొడుల గోల వెతికినా దొరికేది కాదు. ఆ పనితనం చూడ్డానికే వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు.

డెబ్బై మూడో నంబరు దగ్గర ఆ లెక్క ఆగింది. ఊళ్ళో రకరకాల పనులు చేసేవాళ్ళ గురించి ఒక చానల్ ఆదివారం సాయంత్రాలు అరగంట కార్యక్రమం వేసేది. ఒక వారం పెదనాన్న వంతు వచ్చింది. ఇంట్లో నాలుగు మాటలకు గతిలేని మనిషి అక్కడ పన్నెండు పదమూడు నిమిషాలు ఏకబిగిన మాట్లాడాడు. ఇన్ని బస్సుల్లో మీకు ఇష్టమైనది ఏదని ఆ కార్యక్రమం నడిపే పిల్ల అడిగింది. పెదనాన్న కాసేపు మైకు వైర్ సర్దుకున్నాడు.

"ఏడుంబావు బస్సు" అన్నాడు. "దాన్ని నెమ్మదిగా చెబుతాను. రెండుసార్లు చెబుతాను. మా ఆవిడ డ్యూటీ దిగి రోడ్డు దాటి పరుగెత్తుకుంటూ వస్తుంది. నా గొంతు వినపడుతున్నంతసేపూ బస్సు ఉన్నట్టే అని ఆవిడకు తెలియాలి కదా."

పెద్దమ్మ వేలు బటన్ మీదే ఉండిపోయింది. తర్వాత వచ్చిన ప్రకటనలో రెండు క్షణాలు కేసెట్‌లోకి పడ్డాయి. ఆవిడ జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పు రికార్డింగు అది. "పద్నాలుగేళ్ళుగా ఆ బస్సెక్కుతున్నాను, ఒక్కనాడు చెప్పాడా చూడు" అని మా అమ్మతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. వీసీఆర్ కేసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పెచ్చు ఉంటుంది. అది విరిస్తే ఇక దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు, పొరపాటున కూడా చెరగదు. మళ్ళీ చెయ్యాలంటే ఆ బొక్క మీద జిగురుటేపు ముక్క అంటించాలి. పెద్దమ్మ ఆ సాయంత్రమే చెంచా కాడతో పెచ్చు విరిచేసింది. డెబ్బై మూడు మీద ఇంకో చీటీ పడలేదు.

పదేళ్ళ తర్వాత పెదనాన్నకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది. బస్టాండులో ఆయన కుర్చీలోకి యంత్రం వచ్చింది. ఏనాడూ ఆయన మాట పట్టి దాచినవాళ్ళు లేరు, అప్పటికప్పుడు చెప్పిన మాటలు అప్పుడే గాలిలో కలిసిపోయాయి. మా ఇళ్ళలో అప్పటికి బటన్ల ఫోన్లే. పన్నెండేళ్ళుగా పెదనాన్న మెడలో తాడుకు కట్టిన పలక మీద రాస్తాడు, చొక్కా చేత్తో తుడుస్తాడు. అప్పుడు మాట్లాడమంటే మాట్లాడలేదు, ఇప్పుడు రాయడం ఆపమంటే ఆపడు అని పెద్దమ్మ నవ్వుతుంది. పెదనాన్న మనవరాలికి ఐదేళ్ళు. ఆ పిల్ల తాతగొంతు ఎరగదు, చదవడం ఇంకా సరిగ్గా రాదు. పలక చూసి, తాతా బొమ్మ వెయ్యి అంటుంది.

పోయిన ఏడాది ఆసుపత్రిలో గొంతు అభ్యాసాలు చేయించే డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. కొత్తగా ఒక పెట్టె వచ్చిందట. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాంట్లో మాటలు కొడితే పైకి పలుకుతుంది. మనిషి పాత గొంతు కనీసం పది నిమిషాలు, వెనక సంగీతం లాంటివి లేకుండా శుభ్రంగా దొరికితే, ఆ మనిషి గొంతుతోనే పలుకుతుంది. మీ ఇంట్లో పెళ్ళి వీడియోలేమైనా ఉన్నాయా అని అడిగింది. పెళ్ళి వీడియోల్లో బ్యాండు తప్ప ఏముంటుంది, పెదనాన్న అయితే ఒక మూల నిలబడి ఊఁ కూడా అని ఉండడు. పెద్దమ్మ మాత్రం బస్సెక్కేటప్పటికే నాకు ఫోన్ చేసింది. డెబ్బై మూడు ఉందే, డెబ్బై మూడు ఉంది అని రెండుసార్లు అంది.

కేసెట్ ఉంది, ఆడించే వీసీఆర్ ఎప్పుడో పాడైంది. పాత కేసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి మార్చే షాపు ఊళ్ళో ఒకటుంటే అక్కడికి వెళ్ళాం. షాపతను కేసెట్ ఎత్తి వెలుతురులో చూశాడు. అంచున బూజు మొదలైంది, తొందరగా మార్చుకోవాలి అన్నాడు. ఇందులో ఏముందని అడిగాడు. పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అతను కేసెట్ మెల్లగా బల్ల మీద పెట్టి, అద్దం మీది కాగితం చూపించాడు. టీవీ కార్యక్రమాలు కాపీ చేయబడవు. ఒకసారి ఎవరికో చేసిపెట్టి కేసులో ఇరుక్కున్నాడట. చానల్ నుంచి ఒక్క ముక్క పర్మిషన్ తీసుకురండి, గంటలో చేసిస్తాను అన్నాడు. అతన్ని నేనేమీ అనను. బయటికొచ్చాక మాత్రం పెద్దమ్మతో అన్నాను, ఏమీ చెప్పకుండా ఇస్తే చేసిపెట్టేవాళ్ళు పక్క ఊళ్ళో బోలెడుమంది ఉన్నారని.

పెద్దమ్మ రోడ్డు మీదే ఆగిపోయింది. "మీ పెదనాన్న గొంతు దొంగసరుకటే, వెనకతలుపులోంచి తెచ్చుకోవడానికి? అడిగే తెచ్చుకుందాం. ఎందుకివ్వరు?"

ఎందుకివ్వరు అని నేనూ అనుకున్నాను. ఆ సాయంత్రమే షెడ్డులో కూర్చుని అర్జీ టైపు చేశాను. గొంతు, ఆపరేషను, పెట్టె, మనవరాలు, అన్నీ వచ్చాయి. చదువుతుంటే నాకే బాగుందనిపించింది. చివర ఇరవై ఏళ్ళుగా ప్రతి అర్జీకీ అలవాటుగా కొట్టే వాక్యం కొట్టాను. దానికి ఆలోచన అక్కర్లేదు, వేళ్ళే కొట్టేస్తాయి. తమరు కోరిన వెంటనే ఒరిజినల్‌ను సమర్పించుకోగలవారము. నీళ్ళ కనెక్షను అర్జీకి అందం తెచ్చే వాక్యం అది. పెద్దమ్మకు చదివి వినిపిస్తే బాగుందే అని సంతకం పెట్టింది.

నెలకు జవాబు వచ్చింది. ఒరిజినల్ కేసెట్‌తో సహా హాజరు కావలెను అని.

చానల్ ఆఫీసులో రెండు గేట్లు, మెడలో వేసే చీటీలు, కాళ్ళు కూరుకుపోయే తివాచీ. గోడ నిండా పాత కార్యక్రమాల ఫోటోలు. వాటి మీద పెద్ద అక్షరాలతో, మీ జ్ఞాపకాలకు మా చిరునామా. హక్కుల విభాగం ఆఫీసరు లేచి నిలబడి మరీ కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. కసిరికొట్టేవాడైతే నేను జాగ్రత్తపడేదాన్ని. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఇంట్లో టీవీ చూసేవాళ్ళు తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవచ్చమ్మా, రూలు ఒప్పుకుంటుంది అన్నాడు. తర్వాత అంటే మాత్రం ఏళ్ళూ పూళ్ళూ కాదు, చూశాక చెరిపెయ్యాలి. దాచుకోకూడదు, ఇంకొకరి చేత కాపీ తీయించకూడదు, యంత్రంలోకి ఎక్కించడం అసలే కూడదు. అప్పుడే నవ్వుతూ అన్నాడు, మా ఆస్తి ఇరవై రెండేళ్ళుగా మీ ఇంట్లో ఉందన్నమాట అని. పెద్దమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఒడిలో ఉన్న కేసెట్‌ను రెండు చేతులతో కప్పుకుంది, జేబులో దొరికింది ఇవ్వకుండా దాచుకున్నట్టు.

"మీ దగ్గర ఆ ప్రోగ్రాం ఉందా బాబూ?" అని అడిగింది.

లేదట. ఆ రోజుల్లో టేపుల కరువట. పాతవి చెరిపి వాటి మీదే కొత్తవి తీసేవాళ్ళట. తమ ఆస్తిని తాము చెరుపుకున్నారు, ఎవరూ అడగలేదు. లాండ్రీ మనిషి చెంచా కాడతో కాపాడితే ఆవిడ నేరస్తురాలు. ఇదేం న్యాయమని అప్పుడే అడగాల్సింది. పర్మిషన్ కావాలి కదా, నోరు జారితే పని చెడుతుంది కదా అని ఊరుకున్నాను.

కేసెట్ మా దగ్గర ఉంచి వెళ్ళండి, పరిశీలించి పదిహేను రోజుల్లో నిర్ణయం చెబుతాం అన్నాడు. రసీదు రాసిచ్చాడు. పెద్దమ్మ నావైపు చూసింది. నేను తలూపాను. అవును, నేనే తలూపాను. దిండు గలీబులో చుట్టి తెచ్చిన కేసెట్‌ను ఆవిడ బల్ల మీద పెట్టి వెంటనే చెయ్యి తీయలేదు.

"జాగ్రత్త బాబూ. లోపల మనిషి ఉన్నాడు."

పంతొమ్మిదో రోజున కొరియర్ వచ్చింది. పార్సిల్ చూడగానే పెద్దమ్మ మొహం విప్పారింది. పెదనాన్న పలక పక్కన పెట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను ఉత్తరం విప్పుతుండగానే పెద్దమ్మ దిండు గలీబులోంచి కేసెట్ తీసింది. అలవాటు కొద్దీ బొటనవేలితో వెనక అంచు తడిమింది. వేలు ఆగిపోయింది. పెచ్చు విరిచిన బొక్క మీద జిగురుటేపు ముక్క అంటించి ఉంది. గోటితో నొక్కి, అంచులు సమంగా కత్తిరించి, ఎంతో శుభ్రంగా అంటించారు.

ఉత్తరంలో ఏముందో ఆవిడకు నేను చదవక్కర్లేకపోయింది. అయినా చదివాను. మీ కేసెట్‌ను మీకు భద్రంగా తిరిగి పంపుతున్నాము. అందులోని మా కార్యక్రమాన్ని నిబంధనల ప్రకారం మా భాండారంలోకి తీసుకుని, మీ ప్రతి నుంచి తొలగించాము. మీ సహకారానికి కృతజ్ఞతలు. ప్లాస్టిక్ మీది, మనిషి మాది అని చెప్పడానికి మూడు వాక్యాలు పట్టాయి వాళ్ళకు. నేనైతే ఇంకా పొట్టిగా టైపు చేసి ఉండేదాన్ని.

ఆవిడ ఏడవలేదు. టేపు ముక్కను నిమురుతూ కూర్చుంది. పెదనాన్న పలక మీద, పోనీలే అని రాసి చూపించాడు. ఆవిడ చూడకపోతే తుడిచి, మళ్ళీ అదే కొంచెం పెద్దగా రాశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొరికిన మొదటి బస్సుకే చానల్ ఆఫీసుకు వెళ్ళాను. రెండో గేటు దగ్గరే ఆపేశారు. అరిచి గోల చేస్తే ఆఫీసరే దిగి వచ్చాడు. ఆ మనిషి గొంతు మీ సొత్తెలా అయింది, ఆయన మీ జీతం తిన్నాడా, బస్టాండు జీతం తిన్నాడు కదా, తీసుకున్నది తీసుకున్నారు, ఆవిడకున్నది ఎందుకు చెరిపారు, చెరిపి మీరేం బావుకున్నారు అని అడిగాను. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అతను కోపం తెచ్చుకోలేదు. చేతిలో ఉన్న ఫైలు తెరిచి, నా అర్జీ చివరి పంక్తి కింద వేలు పెట్టాడు.

"మీరే రాశారు కదమ్మా, కోరిన వెంటనే ఒరిజినల్ సమర్పిస్తామని. సమర్పించారు. మేం తీసుకున్నాం."

కొరివితో తల గోక్కున్నది నేనే. ఆ పొగరు దిగింది అక్కడే, ఆ గేటు దగ్గరే. ఆ రోజు నుంచి ఏ అర్జీకీ ఆ వాక్యం కొట్టలేదు. కొట్టమని అడిగినవాళ్ళను కసురుతున్నాను కూడా.

పోనీ, ఇప్పుడు మీ భాండారంలో ఉంది కదా, ఒక్క కాపీ ఇవ్వండి అని మళ్ళీ టైపు చేశాను. భాండారంలోనివి వ్యక్తులకు ఇవ్వబడవు. ఆసుపత్రి చేత అడిగించాను. వైద్య సంస్థలకు అందుకు తగిన నిబంధన లేదు. పెదనాన్న పేరుతో, ఆయన సంతకంతో, ఈ గొంతు నాది అని అడిగాం. కార్యక్రమంలో పాల్గొన్నవారికి కార్యక్రమంపై హక్కు ఉండదు. పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ జవాబు వచ్చింది, అన్నీ మర్యాదగానే ఉన్నాయి. వాళ్ళ మర్యాద తగలెయ్య.

అలా ఉండగా టీవీలో ప్రకటన మొదలైంది. చానల్‌కు పాతికేళ్ళు నిండిన సందర్భంగా పాత ఆణిముత్యాలు, ఆదివారం సాయంత్రం ఐదింటికి. ఆ ముక్కల మధ్య అద్దాల గది, మైకు, నల్లజుట్టుతో పెదనాన్న. మనవరాలు తాతా తాతా అని టీవీ మీద చెయ్యి వేసింది. పెద్దమ్మ లేచి నిలబడింది. టీవీలో వచ్చేదాన్ని ఇంట్లో రికార్డు చేసుకోవచ్చని ఆ ఆఫీసరే అన్నాడు కదే అంది. అన్నాడు. రూలు ఒప్పుకుంటుందని వాడి నోటితో వాడే అన్నాడు.

ఇప్పటి టీవీ డబ్బాలో రికార్డు బటన్ ఉంది. మా దురదృష్టం కొద్దీ దానికీ ఒక రూలుంది. దాంట్లో రికార్డు చేసింది ముప్పై రోజులకు దానంతట అదే చెరిగిపోతుంది. అందుకని నేను నా ఫోన్ కూడా టీవీ ముందు నిలబెట్టాను. ఈసారి పెద్దమ్మ చూసి కూడా వద్దనలేదు. నాలుగున్నరకే పీట వేసుకుని, రిమోట్ పట్టుకుని, వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చుంది. ఫ్యాను ఆపేసింది. కుక్కర్ దింపేసింది. పిల్లకు బిస్కెట్ ఇచ్చి నోరు మెదపకు అంది. పెదనాన్న వెనక కుర్చీలో, గొంతు దగ్గరి గుడ్డ సర్దుకుంటూ కూర్చున్నాడు.

పెదనాన్న వచ్చాడు. అరగంట కాదు, మూడు నిమిషాలు. మూలన చానల్ గుర్తు. అడుగున, కాపీ చేయడం శిక్షార్హం అని పాకుతున్న అక్షరాలు. ఆయన నోరు తెరిచిన దగ్గర్నుంచి వెనక వయొలిన్లు. కార్యక్రమం నడిపే పిల్ల ప్రశ్న అడగడం కనిపించింది. ఆయన మైకు వైర్ సర్దుకోవడం కనిపించింది. ఏడుంబావు బస్సు అన్నప్పుడు పెదవులు కదిలినట్టు పెద్దమ్మకు తెలిసింది, నాకూ తెలిసింది. వినిపించింది మాత్రం ఇంకో గొంతు. ఇలాంటి అపురూపమైన మనుషులను మీ కోసం ఇన్నేళ్ళూ భద్రంగా దాచి ఉంచిన మీ అభిమాన చానల్ అని, ఎవరో ఆయన మాట మీదెక్కి చెబుతున్నాడు. దాచి ఉంచారట! నా చేతికి ఏదైనా అందితే టీవీ పగలగొట్టేదాన్ని. పెద్దమ్మ బటన్ మీది వేలు తీయలేదు. చివర్లో, అద్దాల గదిని దూరం నుంచి చూపిస్తున్నప్పుడు, వయొలిన్లు ఆగి ఆయన బస్టాండు మైకులో చెప్పే ఒక్క అనౌన్స్‌మెంటు మాత్రం శుభ్రంగా వినపడింది. అంతలో సబ్బు ప్రకటన వచ్చేసింది. పెద్దమ్మ సరిగ్గా సమయానికి నొక్కింది, ఒక్క క్షణం కూడా లోపలికి పడలేదు.

ఫోన్ తీసుకెళ్ళి డాక్టరమ్మకు వినిపించాం. ఆవిడ ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని మూడుసార్లు విని తల అడ్డంగా ఊపింది. సంగీతం కిందున్న గొంతు పనికిరాదు, శుభ్రంగా ఉన్నది ఏడు సెకన్లు, ఏడు సెకన్లతో మనిషి గొంతు తయారవదు అంది. మొదటి కేసెట్ ఏమైందని ఆవిడే అడిగింది. పెద్దమ్మ జిగురుటేపు సంగతి చెప్పింది. చివరికి జాలిపడి, పెట్టెలో ఒక బటన్‌కు ఆ ఏడు సెకన్లు యథాతథంగా పెట్టి ఇచ్చింది. మిగతా మాటలన్నీ యంత్రం గొంతుతో పలుకుతాయి, బస్టాండులో ఆయన కుర్చీలో కూర్చున్న ఆ గొంతుతోనే. పెదనాన్న ఆ గొంతు వాడడు. పలకే ఆయనకు హాయి.

ఆ ఒక్క బటన్ మాత్రం మనవరాలి సొత్తు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నొక్కుతూనే ఉంటుంది. తాత మాట్లాడుతున్నాడు అని వీధి పిల్లలందరికీ వినిపిస్తుంది. పోయిన వారం నేను వెళ్ళినప్పుడు పెద్దమ్మ వరండాలో పాత దుప్పటికి అతుకు వేస్తోంది. పిల్ల గడప మీద కూర్చుని నొక్కింది. పెదనాన్న గొంతు, ఆ పాత గొంతే, నెమ్మదిగా, ప్రతి మాటా విడివిడిగా, ఇల్లంతా నిండిపోయేట్టు పలికింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మీ సామాన్లను మీరే జాగ్రత్తగా చూసుకోండి. అపరిచితుల చేతికి ఇవ్వకండి."

పిల్ల మళ్ళీ నొక్కింది. పెద్దమ్మ సూది ఆపి చివరి మాట దాకా విన్నది.

"పాతికేళ్ళు రోజూ చెప్పాడే" అంది నాతో. "నేనే వినిపించుకోలేదు."